రెండు వలల కథ: కమిల్లో గాల్జీ జీవితం

జీవశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ ఏదో ఒకనాడు కణం బొమ్మ గీసి భాగాలను గుర్తించే ఉంటాడు. కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోసోములు అని వరుసగా రాస్తూ, ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చిన పళ్ళేల వలె కనిపించే భాగం దగ్గర గాల్జీ సంక్లిష్టం అని రాస్తాడు. అది ఒక మనిషి పేరు అన్న సంగతి చాలామందికి తోచదు. తోచినా, ఆయన ఎవరు, ఎక్కడివాడు, ఆ పళ్ళేల దొంతరను ఎలా కనుగొన్నాడు అని అడిగే అవకాశం పరీక్షల తొందరలో దొరకదు.

ఇటలీ దేశపు వైద్యుడు కమిల్లో గాల్జీ తన జీవితంలో రెండు వలలను చూశారు. ఒకటి మెదడులో, మరొకటి కణం లోపల. మొదటి వల సత్యమని ఆయన చివరివరకు నమ్మారు. అది సత్యం కాదని తేలింది. రెండవ వల ఉన్నదని ఆయన చెబితే శాస్త్రలోకంలో అనేకులు అర్ధశతాబ్దం పాటు నమ్మలేదు. అది సత్యమని తేలింది. నేడు మన శరీరంలో గాయం మానడానికి, చర్మం మళ్ళీ పెరగడానికి, మూత్రపిండం ఖనిజాలను నిలుపుకోవడానికి అవసరమైన సందేశాలు ఆ రెండవ వల గుండానే ప్రయాణిస్తున్నాయని మనకు తెలుసు. ఒకే మనిషి ఒకచోట పొరబడి, మరొకచోట అందరికన్న ముందు నిలిచిన ఈ కథ విద్యార్థులకు ఉపయోగపడేది.

వైద్యుని బిడ్డ

గాల్జీ 1843 జూలై 7న ఉత్తర ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో, బ్రెషా నగరానికి ఎగువన ఉన్న కొండలలో, కొర్టెనో అనే చిన్న గ్రామంలో జన్మించారు. ఆనాటికి ఇటలీ ఒక దేశంగా ఏర్పడలేదు; లొంబార్డీ ఆస్ట్రియా పాలనలో ఉండేది. తండ్రి అలెస్సాండ్రో ఆ ప్రాంతంలో వైద్యుడు. కుమారుడు కూడా వైద్యవిద్యనే ఎంచుకొని, ప్రాచీనమైన పావియా విశ్వవిద్యాలయంలో చేరి, 1865లో పట్టభద్రుడయ్యారు.

పావియాలో ఆయన మొదట మానసిక వ్యాధుల వైద్యుడైన చెజారె లొంబ్రోసో వద్ద పనిచేశారు. ఉన్మాదానికి, మేధోలోపాలకు మూలం మెదడులోనే ఉండాలన్న ఆలోచన ఆయనకు అక్కడ అబ్బింది. కాని ఆలోచనకు ఆధారం కావాలి. ఆధారం కోసం మెదడును సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ విద్యను ఆయనకు నేర్పినవారు జూలియో బిజ్జొజేరో. గురుస్థానంలో నిలిచిన బిజ్జొజేరో శిష్యుని కంటె దాదాపు మూడేళ్ళు చిన్నవారు. వయస్సును పాటించక, తెలిసినవాని వద్ద నేర్చుకోవడానికి గాల్జీ సంకోచించలేదు.

వంటగదిలో ప్రయోగశాల

పరిశోధన మీద మక్కువ ఉన్నా అది కడుపు నింపదు. స్థిరమైన జీతం గల ఉద్యోగం చూసుకొమ్మని తండ్రి ఒత్తిడి చేయడంతో, 1872లో గాల్జీ మిలాన్ సమీపంలోని అబ్బియతెగ్రాస్సో పట్టణంలో, నయంకాని దీర్ఘరోగులను ఉంచే ఆస్పత్రికి ప్రధాన వైద్యునిగా వెళ్ళారు. విశ్వవిద్యాలయం లేదు, సహచరులు లేరు, ప్రయోగశాల లేదు. తోటివారి దృష్టిలో ఆయన శాస్త్రజీవితం అక్కడితో ముగిసినట్లే.

గాల్జీ అలా అనుకోలేదు. తన నివాసంలోని చిన్న వంటగదినే ప్రయోగశాలగా మార్చుకొన్నారు. పగలు రోగుల సేవ, ఆ పై దీపపు వెలుగులో సూక్ష్మదర్శిని. ఆయన ఎదుట ఉన్న సమస్య చిన్నది కాదు. మెదడు మెత్తని పదార్థం. పలుచగా కోస్తే ముద్దవుతుంది. గట్టిపరచి కోసి రంగు వేస్తే అన్ని కణాలూ ఒకేసారి రంగు పట్టి, ఒకదాని పోగులు మరొకదానితో కలగలిసి, దట్టమైన పొదవలె కనిపిస్తాయి. ఏ కొమ్మ ఏ చెట్టుదో తెలియదు.

1873లో గాల్జీ ఒక ఉపాయాన్ని ప్రకటించారు. మెదడు ముక్కను పొటాసియం డైక్రోమేట్ ద్రావణంలో కొన్నాళ్ళు నానబెట్టి గట్టిపరచి, ఆ తరువాత సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉంచారు. రెండు లవణాలు కలిసిన చోట సిల్వర్ క్రోమేట్ అవక్షేపం ఏర్పడింది. విచిత్రమేమంటే, ఆ అవక్షేపం అన్ని కణాలలోను ఏర్పడలేదు. నూటికి ఏ కొద్ది కణాలలోనో మాత్రమే నిండింది. కాని నిండిన కణంలో ఆమూలాగ్రం నిండింది. పసుపుపచ్చని నేపథ్యం మీద ఒక్కొక్క నాడీకణం తన కాండంతో, కొమ్మలతో, రెమ్మలతో నల్లని చెట్టువలె స్పష్టంగా నిలిచింది. ఇటాలియన్లు దీనిని నల్లని చర్య అన్నారు. అన్ని కణాలకూ రంగు పట్టి ఉంటే ఈ పద్ధతి వల్ల ప్రయోజనమే ఉండేది కాదు. దాని లోపమని తోచేదే దాని బలం.

పావియాలో

ఈ ఆవిష్కరణ గాల్జీని మళ్ళీ విశ్వవిద్యాలయానికి చేర్చింది. 1876లో పావియాలో కణజాల శాస్త్రాచార్యులయ్యారు. కొద్దికాలం సియెనాలో పనిచేసి తిరిగి వచ్చి, 1881లో సామాన్య రోగనిదాన శాస్త్ర పీఠాన్ని స్వీకరించారు. 1877లో బిజ్జొజేరో బంధువర్గానికి చెందిన లీనా అలెత్తిని వివాహమాడారు. వారికి సంతానం లేదు. ప్రయోగశాలకు వచ్చిన శిష్యులే సంతానంగా మెలిగారు.

మన దేశంతో ముడిపడిన ఒక అధ్యాయం కూడా ఆయన జీవితంలో ఉంది. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవిని చూశారు. 1885 నుంచి గాల్జీ ఆ జీవి జీవితచక్రాన్ని గమనించడం మొదలుపెట్టారు. దినం విడిచి దినం వచ్చే చలిజ్వరంలో 48 గంటలకు, రెండు దినాలు విడిచి వచ్చే జ్వరంలో 72 గంటలకు ఆ జీవి ఎర్ర రక్తకణాలలో పెరిగి, విభజన చెంది, కణాలను పగులగొట్టుకొని బయటపడుతుందని, సరిగా ఆ వేళకే రోగికి వణుకు ఆరంభమవుతుందని నిరూపించారు. ఈ రెండు జ్వరాలకు కారణమైన జీవులు వేరువేరని కూడా ఆయన చూపారు. జీవి మనిషి శరీరంలో ఏమి చేస్తుందో ఇలా తేలింది. అది మనిషిని ఎలా చేరుతుందన్న ప్రశ్న మిగిలింది. దానికి తొలి ఆధారం 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో, దోమ పొట్టగోడలో, రొనాల్డ్ రాస్‌కు దొరికింది.

మొదటి వల

తన నల్లని చర్య చూపిన నాడీకణాలను పరిశీలించిన గాల్జీ ఒక నిశ్చయానికి వచ్చారు. నాడీకణాల పొడవాటి పోగులు ఒకదానితో ఒకటి అతుక్కొని, మెదడు అంతటా ఎడతెగని ఒకే వలగా అల్లుకొని ఉన్నాయని ఆయన అభిప్రాయం. మెదడు అఖండంగా పనిచేస్తుందన్న ఆయన విశ్వాసానికి ఆ వల చక్కగా సరిపోయింది.

1887లో స్పెయిన్ దేశస్థుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్ ఈ రంగు పద్ధతిని మాడ్రిడ్ నగరంలో తొలిసారి చూశారు. ఆయన దానిని మరింత మెరుగుపరచి, ఎదిగిన మెదడులోని దట్టమైన అడవిని విడిచిపెట్టి, పక్షి పిండాల లేత మెదడులో పోగులు ఎక్కడ ముగుస్తాయో వెదికారు. ప్రతి నాడీకణం విడిగా ముగుస్తున్నదని, ఒకటి మరొకదానిని తాకుతున్నదే గాని అందులో కలిసిపోవడం లేదని ఆయనకు కనిపించింది. 1891లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డెయర్ ఈ విడి కణానికి న్యూరాన్ అని పేరు పెట్టారు.

1906లో నోబెల్ వైద్యశాస్త్ర బహుమతిని గాల్జీకి, కహాల్‌కు కలిపి ఇచ్చారు. ఆ బహుమతిని ఇద్దరు పంచుకోవడం అదే మొదటిసారి. ఒకరి పనిముట్టుతో మరొకరు చేసిన పనికి ఇద్దరికీ గౌరవం దక్కడం న్యాయమే. కాని స్టాక్‌హోమ్ సభలో గాల్జీ తన ఉపన్యాసాన్ని న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించడానికే వినియోగించారు. మరునాడు కహాల్ అదే వేదిక మీద దానిని సమర్థించారు. 1950 దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రెండు నాడీకణాల నడుమ ఉన్న సన్నని ఖాళీని చూపినప్పుడు వివాదం తీరిపోయింది. కొన్ని నాడీకణాల మధ్య సూక్ష్మమైన నేరు మార్గాలు కూడా ఉన్నాయని తరువాత తెలిసినా, మెదడు ఎడతెగని ఒకే వల అన్న మాట నిలువలేదు.

రెండవ వల

నాడీకణం వెలుపల వల కోసం ఇంత పట్టుదలగా వాదించిన మనిషికి, ఆ కణం లోపలే మరొక వల కనిపించింది. ఆస్మియం ద్రావణం కలిపి రంగు పద్ధతిని మార్చి చూస్తూ, 1898లో గుడ్లగూబ చిన్నమెదడులోని పెద్ద నాడీకణాలలో, కేంద్రకం చుట్టూ, కణత్వచాన్ని తాకకుండా చుట్టుకొన్న సన్నని జాలాన్ని ఆయన గమనించారు. అంతర్గత జాలక పరికరం అని దానికి పేరు పెట్టి పావియా వైద్య సంఘానికి నివేదించారు. ఆయన శిష్యులు దానిని ఇతర కణాలలో కూడా చూశారు. అది ఏమి పనిచేస్తుందో గాల్జీ చెప్పలేదు. ఉన్నది ఉన్నట్లు గీసి చూపారు.

ఇతరులు సంశయించారు. అదే కణంలో రంగు ఒకనాడు పట్టి మరొకనాడు పట్టదు. బతికిన కణంలో అది కనిపించదు. కనుక అది రసాయనాల వల్ల పుట్టిన భ్రాంతి మాత్రమేనని చాలామంది వాదించారు. ఈ సందేహం సుమారు 50 ఏళ్ళు కొనసాగింది.

గాల్జీ ఈ వివాదం తీరేదాకా జీవించలేదు. ఆయన 1900లో సెనేట్ సభ్యులయ్యారు. పావియా విశ్వవిద్యాలయానికి రెండుసార్లు అధ్యక్షత వహించారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 70 ఏళ్ళు దాటిన వయస్సులో, పావియాలో సైనికుల ఆస్పత్రి బాధ్యత తీసుకొని, నరాలు దెబ్బతిన్న క్షతగాత్రులకు చికిత్సాకేంద్రాన్ని నెలకొల్పారు. 1918లో విశ్రాంతి పొంది, 1926 జనవరి 21న పావియాలో కన్నుమూశారు. ఆయన పుట్టిన గ్రామం 1956 నుంచి కొర్టెనో గాల్జీ అని పిలువబడుతున్నది.

1949లో కూడా న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడే అనే ఇద్దరు ప్రముఖులు ఈ పరికరం నిజమైనది కాదని రాశారు. 1954లో డాల్టన్, ఫెలిక్స్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పొరల దొంతరను స్పష్టంగా చూపారు. గాల్జీ చూసిన వల అదే. ఆ తరువాత జరిగినది మరింత గొప్ప విషయం. కాదన్న పలాడేయే 1960 దశకంలో సహచరులతో కలిసి దాని పనిని నిరూపించారు. గినీపంది క్లోమకణాలకు రేడియోధార్మిక ఎమైనో ఆమ్లాన్ని అందించి, అది చేరిన ప్రోటీన్లు ఎటు వెళ్ళాయో నిమిషాల లెక్కన వెంబడించారు. అవి మొదట అంతర్జీవద్రవ్య జాలంలో, పిమ్మట గాల్జీ సంక్లిష్టంలో, చివరకు స్రావక రేణువులలో కనిపించాయి. అంటే గాల్జీ సంక్లిష్టం కణం సరుకులు నడిచే రాజమార్గం మీది మజిలీ. 1974లో పలాడేకు నోబెల్ బహుమతి లభించింది. తన మాటను తానే సవరించుకోవడం వల్ల ఆయన గౌరవం పెరిగిందే గాని తరగలేదు.

ఆ మార్గంలో నడిచే సందేశాలు

ఈ మార్గంలో నడిచే సరుకులలో వృద్ధి కారకాలు ముఖ్యమైనవి. ఒక కణం తన పొరుగు కణానికి పెరుగు, విభజన చెందు, లేక బతికి ఉండు అని తెలిపే ప్రోటీన్లు ఇవి. వీటి ఆవిష్కరణ కూడా గాల్జీ దేశపు బిడ్డకే సాధ్యమైంది. 1938లో వచ్చిన జాతి వివక్ష చట్టాల వల్ల విశ్వవిద్యాలయానికి దూరమైన రీటా లెవీ-మొంటాల్చినీ, యుద్ధకాలంలో టూరిన్ నగరంలోని తన పడకగదిలోనే ప్రయోగశాల ఏర్పరచుకొని, కోడిపిండాల నరాలకు వెండి రంగు పట్టించి పరిశీలించారు. తరువాత అమెరికాలో ఆమె నరాల వృద్ధి కారకాన్ని గుర్తించారు. ఆమె సహచరుడు స్టాన్లీ కోహెన్ చర్మం వంటి పైపొరల వృద్ధి కారకాన్ని వేరుచేశారు. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. వంటగదిలో మొదలైన విద్య పడకగదిలో కొనసాగిందన్నమాట.

కోహెన్ కనుగొన్న కారకంలో 53 ఎమైనో ఆమ్లాలే ఉంటాయి. కాని కణం దానిని నేరుగా అంత చిన్నదిగా తయారుచేయదు. 1200కు పైగా ఎమైనో ఆమ్లాలు గల పెద్ద ప్రోటీనుగా తయారుచేస్తుంది. అది అంతర్జీవద్రవ్య జాలపు పొరకు గుచ్చుకొని, ఒక కొన పొరకు ఇవతల, మరొక కొన అవతల ఉండేటట్లు పుడుతుంది. పొర నుంచి మొగ్గవలె చిన్న తిత్తి విడివడి, దానిని గాల్జీ సంక్లిష్టానికి చేరుస్తుంది. అక్కడ అది ఒక్కొక్క పళ్ళెం దాటుతూ చక్కెర అణువుల అలంకరణలో మార్పులు పొందుతుంది. ఆ పైన ఏ దిక్కుకు పోవాలో నిర్ణయమై, మరొక తిత్తిలో కణం అంచుకు బయలుదేరుతుంది. తిత్తి పొర కణత్వచంతో కలిసిపోగానే, తిత్తి లోపలి వైపు కణానికి వెలుపలి వైపు అవుతుంది. అంతవరకు లోపల దాగిన కారకం ఇప్పుడు కణం ఉపరితలం మీద, కాలు లోపల తల బయట అన్నట్లు నిలబడుతుంది. ఈ తిత్తుల రాకపోకల యంత్రాంగాన్ని విడమరచినందుకే 2013లో రోత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్‌లకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

పొరకు అంటుకొని ఉన్నంతకాలం ఆ సందేశం దూరం పోలేదు. దానిని తెంచి విడుదల చేయడానికి కత్తెరల వంటి ఎంజైములు ఉన్నాయి. ఈ కుటుంబానికి చెందిన అనేక కారకాలను తెంచే ఎంజైము పేరు ఆడం-17. ఆ కత్తెర సైతం గాల్జీ సంక్లిష్టం గుండా వచ్చినప్పుడే పదునెక్కుతుంది. దానిని అక్కడికి చేర్చడానికి ఐరోమ్ అనే మరొక ప్రోటీను తోడు రావాలని 2012లో తెలిసింది. పండ్ల ఈగలో ఈ పని మరొక తీరున జరుగుతుంది. అక్కడ స్పిట్జ్ అనే వృద్ధి కారకాన్ని స్టార్ అనే ప్రోటీను గాల్జీ సంక్లిష్టం దాకా తోడ్కొని వస్తుంది. రోంబాయిడ్ అనే కత్తెర దానిని అక్కడే తెంచుతుంది. తెగిన ముక్క అక్కడి నుంచి బయటికి సాగిపోతుంది.

సరుకు తయారైతే చాలదు, సరైన గుమ్మం చేరాలి. మూత్రపిండంలోని సన్ననాళాల కణాలకు రెండు వైపులు ఉంటాయి: ఒకటి మూత్రం వైపు, మరొకటి రక్తం వైపు. కోహెన్ కారకాన్ని అందుకొనే గ్రాహకాలు రక్తం వైపు ఉన్నాయి. 2007లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక కుటుంబంలోని ఇద్దరు అక్కచెల్లెళ్ళ వ్యాధిని పరిశీలించారు. వారి శరీరం మెగ్నీషియాన్ని మూత్రంలో పోగొట్టుకొంటున్నది; దానివల్ల మూర్ఛలు వస్తున్నాయి. కారణం వెదికితే, వృద్ధి కారకపు పెద్ద ప్రోటీనులో, కణం లోపల మిగిలే తోకభాగంలో, ఒకే ఒక ఎమైనో ఆమ్లం మారిందని తేలింది. సందేశంలో తప్పు లేదు. చిరునామాలో తప్పు ఉంది. రక్తం వైపు చేరవలసిన కారకం అటు సరిగా చేరలేదు. దానితో మెగ్నీషియాన్ని వెనక్కు తీసుకొనే ద్వారాలకు ఆజ్ఞ అందలేదు. ఇందుకు భిన్నంగా, ఈ సందేశాలు అతిగా అందినప్పుడు కొన్ని రకాల కాన్సరు పెరుగుతుంది. ఆ గ్రాహకాలను అడ్డుకొనే మందులు 21వ శతాబ్దపు తొలి సంవత్సరాల నుంచి వైద్యుల చేతికి వచ్చాయి.

రికార్డు పుస్తకం చెప్పే పాఠం

మన పాఠశాలలో జీవశాస్త్ర రికార్డు పుస్తకం ప్రతి విద్యార్థికీ పరిచితమే. అందులో ఒక పుట గీతలు లేక తెల్లగా ఉంటుంది, బొమ్మకు. ఎదుటి పుటలో గీతలుంటాయి, రాతకు. గాల్జీ జీవితాన్ని ఆ రెండు పుటల మీద చదువుకోవచ్చు. తెల్ల పుట మీద ఆయన గీసినవి చాలావరకు నేటికీ చెక్కుచెదరలేదు: నల్లని నాడీకణాలు, కేంద్రకాన్ని చుట్టిన జాలం, రక్తకణంలో పెరుగుతున్న మలేరియా జీవి. గీతల పుట మీద ఆయన మెదడు గురించి రాసిన సిద్ధాంతాన్ని మాత్రం కాలం కొట్టివేసింది. తాను చూసిన దానికే కట్టుబడినచోట ఆయన లోకాన్ని గెలిచారు. తాను కోరుకొన్న దానిని చూసినచోట ఓడిపోయారు.

పరికరాలు లేవని, పట్నానికి దూరమని, తమ భాషలో గ్రంథాలు తక్కువని విద్యార్థులు నిరాశపడే సందర్భాలు ఉంటాయి. ఆ నిరాశకు అబ్బియతెగ్రాస్సో వంటగది ఒక సమాధానం. కాని దానితోపాటు స్టాక్‌హోమ్ వేదికను కూడా గుర్తుంచుకోవాలి. పేదరికం అడ్డుకోలేని ప్రతిభను మొండితనం అడ్డుకోగలదు. డెబ్బైయైదేళ్ళుగా ఈ పాఠశాల ప్రయోగశాల బల్లల మీద రికార్డు పుస్తకాలు తెరుచుకొంటూనే ఉన్నాయి. వాటిలో తెల్ల పుటను కళ్ళతోను, గీతల పుటను వినయంతోను నింపడం నేర్చుకొన్న విద్యార్థి ఏ రంగంలో ఉన్నా తన గురువులకు పేరు తెస్తాడు.